మూడుతో తెరిచి రెండుతో మూసిన వాక్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

గురుపరంపర చెప్పకుండా టీకా మొదలుపెట్టడం మర్యాద కాదు. వికీ రాతకు ఆదిగురువు వార్డ్ కనింగ్‌హామ్. 1995 మార్చి 25న ఆయన వికీవికీవెబ్ అనే సైటును తెరిచాడు. పేజీ చదువుతున్నవాడు అక్కడికక్కడే దాన్ని దిద్దవచ్చు అన్నది ఆయన దర్శనం. అక్షరాలు వాలాలంటే మాటకు రెండువైపులా రెండేసి అపాస్ట్రఫీలు, బొద్దుగా రావాలంటే మూడేసి అన్నది ఆయన సూత్రం. ఆ సూత్రం క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్ అనే సాఫ్ట్‌వేరుకు సంక్రమించింది. 2001 జనవరి 15న వికీపీడియా పుట్టింది దాని మీదే. 2002లో మాగ్నస్ మాన్‌స్కె, ఆయన వెనకే లీ డేనియల్ క్రాకర్ రాసిన కొత్త సాఫ్ట్‌వేర్లు వాడుకలోకి వచ్చాయి. ఆ వరసలోదే ఇవాళ్టి మీడియావికీ. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేదీ దాని మీదే. ఇన్ని చేతులు మారినా రెండు, మూడు అపాస్ట్రఫీల సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాట ఇచ్చాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికి కట్టుబడి ఉంటాడు. మల్లినాథుడు తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష అని పేర్లు పెట్టుకున్నాడు. ఈ టీకా పేరు ‘మునుజూపు’. ప్రచురించబోయే పేజీ ఎలా కనిపిస్తుందో ముందే చూపించే బొత్తానికి వికీలో ఉన్న పేరు అదే.

మూలకర్త అజ్ఞాతుడు. ‘చరిత్ర’ ట్యాబు నొక్కితే పేరు దొరుకుతుంది. కానీ చూడవలసింది కావ్యాన్ని, కవిని కాదు గనక మనం అటు వెళ్ళం.

మూలం

'''కన్యాశుల్కం'' గురజాడ అప్పారావు రాసిన నాటకం.

ప్రతిపదార్థం

''' = మూడు అపాస్ట్రఫీలు; ఇక్కణ్ణుంచి బొద్దుగా రావాలి అని రచయిత కోరిక;

కన్యాశుల్కం = 1892లో తొలిసారి రంగమెక్కి, 1897లో అచ్చయి, 1909లో బాగా పెరిగి మళ్ళీ వచ్చిన నాటకం పేరు;

'' = రెండు అపాస్ట్రఫీలు; ఇక బొద్దు చాలు అని రచయిత ఉద్దేశం, ఇక వాలు మొదలు అని యంత్రం గ్రహింపు; విరోధమంతా ఈ పదంలోనే ఉన్నదని తెలియదగును;

గురజాడ అప్పారావు = ఈ గొడవతో ఏ సంబంధమూ లేని మహాకవి;

రాసిన = రచించినట్టి;

నాటకం = రూపకం;

చుక్క = వాక్యం అయిపోయిందని పాఠకుడికి చెప్పేది, యంత్రానికి ఏమీ చెప్పనిది; యంత్రం లెక్కలో పంక్తి ముగిసేది ఎంటర్ కొట్టినప్పుడే.

అన్వయం

రచయిత చేసుకున్న అన్వయం తేలికైనది. నాటకం పేరు బొద్దుగా రావాలి, మిగతాది మామూలుగా ఉండాలి. మూసే చోట మూడు కొట్టబోయి రెండు కొట్టాడు. మనిషి ఎవరైనా చూడగానే పోల్చుకుంటాడు. యంత్రానికి మనసులో మాట తెలియదు, లెక్క తెలుసు.

ఆ లెక్క ఇలా సాగుతుంది. యంత్రం ముందు పంక్తిలోని అపాస్ట్రఫీ గుంపులన్నిటినీ ఏరుతుంది. బొద్దు గుర్తులు ఎన్ని? ఒకటి. వాలు గుర్తులు ఎన్ని? ఒకటి. తెరిచినవన్నీ మూసి ఉంటే రెండు లెక్కలూ సరిసంఖ్యలే రావాలి. ఏదో ఒకటే బేసి వస్తే, మూయడం మరిచిపోయారనుకుని పంక్తి చివర తానే మూసేస్తుంది. రెండూ బేసి వస్తే మాత్రం దానికి వేరే అనుమానం పుడుతుంది. ఈ మూడులో మొదటిది మామూలు అపాస్ట్రఫీయేమో, తక్కిన రెండే గుర్తేమో అనుకుంటుంది. అనుకున్నదే తడవు మూడును ఒకటిగా, రెండుగా విడగొడుతుంది. విడిపోయిన ఒకటి పేజీ మీద అక్షరంలా నిలబడిపోతుంది. మిగిలిన రెండు వాలును తెరుస్తాయి. మాట తర్వాత ఉన్న రెండు ఆ వాలును మూస్తాయి. లెక్క కుదిరింది, యంత్రం శాంతించింది.

తాత్పర్యం

బొద్దుగా రావలసిన కన్యాశుల్కం బొద్దు పోగొట్టుకొని, ఒక పక్కకు వాలి, ముందొక ఒంటి అపాస్ట్రఫీని పెట్టుకొని పాఠకునికి దర్శనమిచ్చుచున్నది అని భావము. గురజాడ వారికి మాత్రం ఏ హానీ జరగలేదు.

విశేషాలు

ఒకటి. మూడును విడగొట్టాలన్న ఆలోచన యంత్రానికి ఎందుకు రావాలి? దీనికి సమాధానం ఫ్రెంచిలో ఉన్నది. ఆ భాషలో అచ్చుతో మొదలయ్యే పేరు ముందు ఎల్ అనే ఒంటి అక్షరం, దాని వెంట అపాస్ట్రఫీ వస్తాయి. ఇలియడ్ గురించి రాసేవాడు ఎల్ కొట్టి, అపాస్ట్రఫీ పెట్టి, కావ్యం పేరు వాలడానికి మరో రెండు పెడితే మొత్తం మూడవుతాయి. అతను ఏ తప్పూ చేయలేదు, అయినా అది బొద్దు గుర్తులా కనిపిస్తుంది. ఈ నియమం లేకపోతే ఫ్రెంచి వ్యాసాల్లో ఇలాంటి ప్రతి చోటా గందరగోళమే. అందుకే విడగొట్టవలసి వస్తే ఒంటి అక్షరం తర్వాత వచ్చిన మూడు ఎక్కడైనా ఉందా అని యంత్రం ముందు వెతుకుతుంది. లేకపోతే పెద్ద మాటను ఆనుకుని వచ్చిన మొదటి మూడును పట్టుకుంటుంది. అదీ లేకపోతే ఖాళీ తర్వాత వచ్చిన మొదటి మూడుతో సరిపెట్టుకుంటుంది. మన మూలంలో ఉన్నదే ఒక్క మూడు. వెతుకులాట అక్కర్లేకుండానే దొరికిపోయింది. ఒక భాషకు మేలు చేసిన నియమం ఇంకో భాషలోని చేతిపొరపాటుకు కొత్త వేషం వేసిందన్నమాట.

రెండు. రెండు సమబలమైన సూత్రాలు ఒకే చోట తలపడితే తర్వాత చెప్పిన దానిదే గెలుపు అని పాణిని వ్యవస్థ. మీడియావికీ వెతుకులాటలో ప్రతి అంచెలోనూ మొదట కంటపడినదే చీలుతుంది. వైయాకరణులకు ఇది కొత్తగా తోచవచ్చును. అయితే పాణినికి భాష ముందు నుంచీ ఉంది, దాన్ని వర్ణించడానికి సూత్రాలు చేశాడు. ఇక్కడ సూత్రాలు ముందు పుట్టాయి, వాటిని తప్పించుకుంటూ జనం రాయడం నేర్చుకున్నారు.

మూడు. పంక్తి అంటే తెర మీద కనిపించే వరస అని భ్రమపడరాదు. ఎంటర్ కొట్టేవరకు అంతా ఒకే పంక్తి. పది వాక్యాల పేరా కూడా యంత్రానికి ఒక్క పంక్తే. కనుక పేరా చివరి తప్పు పేరా మొదటి మాట రూపాన్ని మార్చగలదు. ఉదాహరణకు అజ్ఞాత కవి ఇంకో పొరపాటు కూడా చేశాడనుకుందాం:

'''కన్యాశుల్కం'' గురజాడ అప్పారావు రాసిన '''నాటకం.

ఇప్పుడు బొద్దు గుర్తులు రెండయ్యాయి, వాలు గుర్తు ఒకటే. రెండూ బేసి కావు గనక విడగొట్టడం లేదు. నాటకం పేరు కోరుకున్నట్టే బొద్దుగా వచ్చింది. గురజాడ అప్పారావు బొద్దుగానూ వాలుగానూ వచ్చారు. చివరి మాట బొద్దు లేకుండా వాలింది. ముందున్న ఒంటి అపాస్ట్రఫీ మాయమైంది. మొదటి తప్పును ఎవరూ ముట్టుకోలేదు, రెండో తప్పు వచ్చి దాన్ని సగం దిద్దినట్టు చేసింది. ఆ రెండో తప్పును ఎవరైనా సరిచేస్తే మొదటిది మళ్ళీ బయటపడుతుంది. దిద్దినవాడేమో పేజీ పాడుచేశానని కంగారుపడి తన మార్పును రద్దు చేసుకుంటాడు. కావ్యాల్లో దూరాన్వయం దోషం. వికీలో అది దోషాన్ని కాపాడే కవచం.

నాలుగు. ఛందస్సు. ఈ రాతలో రెండు, మూడు, ఐదు మాత్రల గణాలే ఉన్నాయి. రెండంటే వాలు, మూడంటే బొద్దు, ఐదంటే రెండూ. నాలుగు మాత్రల గణం లేదు. నాలుగు కొడితే ఒకటి అక్షరంగా మిగిలి మూడు బొద్దుకు పోతాయి. ఐదు దాటినవన్నీ అక్షరాలే, చివరి ఐదే గుర్తు. యతిస్థానం ఎంటర్. అక్కడ తెగని ప్రయోగం లేదు.

ఐదు. అలంకారం భ్రాంతిమంతం. రెండు అపాస్ట్రఫీలు పక్కపక్కన నిలబడితే ఒక జంట కొటేషన్ గుర్తులా కనిపిస్తాయి. జంట కొటేషన్ రెండు అపాస్ట్రఫీల్లా కనిపిస్తుంది. ఎంత పరీక్షగా చూసినా కొన్ని ఫాంట్లలో తేడా తెలియదు. కర్సరును పక్కన పెట్టి బాణం మీట నొక్కాలి. ఒక్క నొక్కుకు దాటితే కొటేషను, రెండు నొక్కులు పడితే అపాస్ట్రఫీలు. ఈ పరీక్ష ఏ అలంకారశాస్త్రంలోనూ లేదు గాని తిరుగులేనిది.

పాఠాంతరాలు

'''కన్యాశుల్కం''' అని ఒక పాఠం. ఇది సాధుపాఠం. బొద్దు వస్తుంది, గొడవ ఉండదు.

'''కన్యాశుల్కం'''' అని ఇంకొక పాఠం. రెండు చాలలేదని విని, తక్కువైతేనే కదా ప్రమాదం అని ఉదారంగా నాలుగు కొట్టినవారిది. పేరు బొద్దుగానే వస్తుంది, దాని చివర అంతే బొద్దుగా ఒక అపాస్ట్రఫీ కూడా వస్తుంది.

'''''కన్యాశుల్కం''' అని వేరొక పాఠం. ఐదుతో తెరిచి మూడుతో మూసినది. బొద్దు మూసుకుంది, వాలు మూసుకోలేదు. గురజాడ అప్పారావు మొదలు చుక్క వరకు అంతా వాలిపోతుంది. పంక్తి చివర యంత్రమే జాలిపడి మూస్తుంది. మూలంలో లేని పదాన్ని అన్వయం కోసం తెచ్చి చేర్చుకోవడాన్ని వ్యాఖ్యాతలు అధ్యాహారం అంటారు. యంత్రం చేసేది అదే. ఇక్కడ ఇంకో సూక్ష్మం కూడా ఉంది. ఐదు కనిపించగానే బొద్దు లోపలిదా, వాలు లోపలిదా అని యంత్రం తేల్చదు. ఏది ముందు మూస్తారో చూసేదాకా ఓపిక పట్టి, ముందు మూసినదాన్ని లోపల పెడుతుంది. తొందరపాటు లేని వ్యాఖ్యాత అనిపించుకోవడానికి దానికి ఈ ఒక్క గుణం చాలు.

’’’కన్యాశుల్కం’’’ అని వర్డ్ ఫైలు నుంచో ఫోను నుంచో దిగిన పాఠం. ఇవి వంపు తిరిగిన అపాస్ట్రఫీలు. టైపు చేసేవాడికి అందంగా ఉండాలని ఆ సాఫ్ట్‌వేరే మార్చిపెట్టింది. వికీకి ఇవి గుర్తులు కావు, వట్టి అక్షరాలు. ఎన్ని కొట్టినా ఏమీ బొద్దవదు.

*కన్యాశుల్కం* అని వాట్సాప్ సంప్రదాయ పాఠం. అక్కడ నక్షత్రాల మధ్య మాట బొద్దవుతుంది. వికీలో పంక్తి మొదట నక్షత్రం వస్తే అది జాబితా. కనుక మొదటి నక్షత్రం బులెట్టుగా మారుతుంది, రెండోది దిక్కులేక మాట చివర వేలాడుతుంది.

టటటకన్యాశుల్కంటటట అని ఇన్‌స్క్రిప్ట్ పాఠం. దీన్ని లేఖక ప్రమాదం అని కొట్టిపారేయరాదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అపాస్ట్రఫీ ఉండే మీట మీద ‘ట’ ఉంటుంది, షిఫ్ట్ కలిపితే ‘ఠ’ వస్తుంది. అపాస్ట్రఫీ కావాలంటే ఇంగ్లీషు కీబోర్డుకు మారి, కొట్టి, మళ్ళీ తెలుగుకు రావాలి. మాటకు ముందు ఒకసారి, వెనక ఒకసారి ఈ ప్రయాణం చేయాలి. తెలుగు రచయిత మూయడం మరిచిపోయాడని నిందించే ముందు, మూయడానికి అతను ఎన్ని మీటలు నొక్కాలో లెక్కపెట్టడం న్యాయం. పైనున్న బొద్దు బొమ్మ బొత్తం నొక్కితే తెరిచేవీ మూసేవీ ఒకేసారి పడతాయి. ఇన్‌స్క్రిప్ట్ వాడేవారికి అదే రాజమార్గం.

రెండవ మూలం

నాలుగు పాదాల పద్యం. మొదటి పాదానికి ముందు మూడు అపాస్ట్రఫీలు, నాలుగో పాదం చివర మూడు. మధ్యలో ప్రతి పాదం తర్వాత ఎంటర్.

తాత్పర్యం: మొదటి పాదం మాత్రమే బొద్దుగా వస్తుంది. కారణం పైన చెప్పినదే. మొదటి పాదం చివర యంత్రం తానే బొద్దును మూసేసింది. రెండు, మూడు పాదాలకు ఏ గుర్తూ లేదు. నాలుగో పాదం చివర రచయిత మూశాననుకున్నవి నిజానికి కొత్తగా తెరిచినవి. వాటి తర్వాత బొద్దు కావడానికి ఒక్క అక్షరం కూడా లేదు. పరిహారం: ఏ పాదానికి ఆ పాదం తెరిచి మూయాలి, లేదా పద్యాన్ని పోయెమ్ ట్యాగులో పెట్టి, బొద్దు అన్న సంగతి ఆ ట్యాగులోనే శైలిగా చెప్పాలి. పద్యం మొత్తం బొద్దుగా ఉండాలా అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం ఛందస్సులో దొరకదు, అభిరుచిలో దొరుకుతుంది.

మూడవ మూలం

బొద్దు ట్యాగు తెరిచి, దానిలో వాలు ట్యాగు తెరిచి, బొద్దును ముందు మూసి, వాలును తర్వాత మూసినది.

అపాస్ట్రఫీలు వికీ సొంత రాత. ట్యాగులు ఎచ్‌టీఎమ్‌ఎల్ నుంచి వచ్చినవి. వీటి ధర్మం ఒక్కటే: చివర తెరిచినదాన్ని ముందు మూయాలి. ఆ వరస తప్పితే బ్రౌజరు ఊరుకోదు, తనకు తోచిన అన్వయం చేస్తుంది. ఎచ్‌టీఎమ్‌ఎల్ 5 ప్రమాణం ఆ అన్వయాన్ని అంగుళం అంగుళం రాసిపెట్టింది. బొద్దు మూసుకున్న చోట వాలును రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క బొద్దు లోపల ఉండిపోతుంది, రెండోది బయట కొత్తగా తెరుచుకుంటుంది. ట్యాగులు ఒక తల్లి ఒడిలోంచి ఇంకో తల్లి ఒడిలోకి మారతాయి గనక ఆ పద్ధతికి అడాప్షన్ ఏజెన్సీ అల్గారిథమ్ అని పేరు పెట్టారు. ప్రమాణ గ్రంథాల్లోనూ హాస్యరసం ఉన్నదని ఇందువల్ల తెలియుచున్నది.

నాలుగవ మూలం

స్మాల్ ట్యాగు తెరిచి, మాట రాసి, మూయబోయి అడ్డగీత మరిచి మళ్ళీ స్మాల్ ట్యాగే తెరిచినది.

తాత్పర్యం: మూసింది ఏదీ లేదు, తెరిచినవి రెండు. అక్షరాలు చిన్నవై, ఆపై ఇంకా చిన్నవై, పేజీ అడుగుదాకా అలాగే సాగుతాయి. అపాస్ట్రఫీ అపరాధం ఎంటర్‌తో ఆగుతుంది. ట్యాగు అపరాధం ఎంటర్‌కు లొంగదు, కొత్త పేరా వచ్చిన ప్రతిసారీ మూతపడని ట్యాగు మళ్ళీ తెరుచుకుంటుంది. ఒక వాడుకరి సంతకంలో ఇలాంటి ట్యాగు ఉంటే, చర్చా పేజీలో అతని తర్వాత మాట్లాడినవారందరి గొంతూ సన్నబడుతుంది.

ఈ అపరాధం చాలా ఏళ్లు బయటపడలేదు. డేవ్ రాగెట్ మొదట రాసిన టైడీ అనే పనిముట్టు మీడియావికీ వెనక నిలబడి తప్పు ట్యాగులను చప్పుడు లేకుండా సర్దిపెట్టేది. అది ఎచ్‌టీఎమ్‌ఎల్ 4 కాలం నాటి మనసు ఉన్నది. 2018లో వికీమీడియా వికీలన్నిట్లో దాని స్థానంలోకి రెమెక్స్ వచ్చింది. రెమెక్స్ ఎచ్‌టీఎమ్‌ఎల్ 5 చెప్పినట్టే చేస్తుంది, రచయితను వెనకేసుకురాదు. అంతకుముందు చక్కగా కనిపించిన పాత పేజీల్లో తప్పులు ఒక్కసారిగా పైకి తేలాయి. పేజీలను ఎవరూ ముట్టుకోలేదు, వ్యాఖ్యాత మారాడు, అంతే. వాటిని ముందుగా పట్టుకోవడానికే లింటర్ అనే పొడిగింపు వచ్చింది. మూయని ట్యాగులు, వరస తప్పిన ట్యాగులు, ఫాంట్, సెంటర్ వంటి కాలం చెల్లిన ట్యాగులు, ఇలా తరగతుల వారీగా అది పేజీల జాబితా ఇస్తుంది.

పరిశిష్టం

పేరా మొదట కాస్త జాగా వదలాలని బళ్ళో నేర్పారు. వికీలో పంక్తి మొదట ఒక్క ఖాళీ వదిలితే ఆ పంక్తి టైపురైటరు అక్షరాలతో పెట్టెలో కూర్చుంటుంది. బళ్ళో నేర్చింది తప్పు కాదు, ఇక్కడ చెల్లదు.

పంక్తి మొదట సెమికోలన్ పెడితే అది తనంత తానే బొద్దవుతుంది.  దాని లోపల మళ్ళీ మూడేసి అపాస్ట్రఫీలు పెట్టడం పునరుక్తి దోషం.

మూసలో (టెంప్లేటులో) విలువ రాసేటప్పుడు నిలువుగీత వస్తే మూస దాన్ని తన విభజన అనుకుంటుంది. నిలువుగీతకు బదులు రెండు జతల మీసాల బ్రాకెట్ల మధ్య ఆశ్చర్యార్థకం పెట్టడం సంప్రదాయం.

రోగ నిర్ణయం

పేజీ వికటించినప్పుడు ఎక్కడ చూడాలో లక్షణాలే చెబుతాయి. మాట పక్కన ఒంటి అపాస్ట్రఫీ కనిపిస్తే ఆ పేరాలో మూడు, రెండు కలగలిశాయి, లేదా ఎక్కడో నాలుగు పడ్డాయి. బొద్దో వాలో పేరా చివరిదాకా పాకి అక్కడ ఆగితే, మొదలైన చోట తెరిచినది మూయలేదు. పాకింది పేరా దాటి పేజీ అడుగుదాకా పోతే అపాస్ట్రఫీలను అనుమానించి లాభం లేదు, పైన ఎక్కడో ట్యాగు తెరిచి ఉంది. ఏ పేజీలోనూ తప్పు కనిపించక, అన్ని పేజీల్లోనూ ఒకే వికారం ఉంటే, తప్పు వాటన్నిటిలో వాడిన మూసలో ఉంది. అపాస్ట్రఫీని అపాస్ట్రఫీగానే చూపాలంటే నోవికీ ట్యాగు ఉంది. అది పేరుకు తగ్గ పని చేస్తుంది.

ఆక్షేపం, సమాధానం

‘విజువల్ ఎడిటర్ వచ్చాక ఈ శాస్త్రమంతా ఎందుకు? మాటను ఎంచుకుని బొత్తం నొక్కితే బొద్దవుతుంది కదా’ అని పూర్వపక్షం.

నిజమే. 2013లో వికీపీడియాలో అది విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది. కొత్త రాతకు అది సుఖం. కానీ అలవాటుకొద్దీ అందులోనూ అపాస్ట్రఫీలు కొట్టేవారున్నారు. అది వాటిని గుర్తులుగా తీసుకోదు, నోవికీలో చుట్టి అక్షరాలుగా అచ్చేస్తుంది. పైగా ఏళ్ల తరబడి చేత్తో రాసిన పేజీలూ మూసలూ అలాగే ఉన్నాయి. వాటి లోపాన్ని దిద్దాలంటే సోర్సు తెరవక తప్పదు.

‘తప్పు రాసినప్పుడు యంత్రం ఇది తప్పు అని చెప్పవచ్చు కదా’ అని రెండో పూర్వపక్షం.

రాసేటప్పుడు చెప్పదు, లింటర్ జాబితా తర్వాతి సంగతి. కంప్యూటరు భాషలో ఒక బ్రాకెట్టు తప్పినా ప్రోగ్రాము ఆగిపోతుంది. వికీ రాతలో చెల్లని పాఠం అంటూ లేదు. ఏం రాసినా ఏదో ఒకటి చూపించి తీరాలి. ఎవరైనా రాయవచ్చు అన్న దర్శనానికి కట్టిన మూల్యం ఇది. తప్పు రాస్తే తిప్పికొట్టే సాఫ్ట్‌వేరు అయితే తొలిరోజే సగంమంది వెనుదిరిగేవారు. ఆ దయ మంచిదే. కానీ దానివల్ల దిద్దే భారం చాలావరకు చూసేవాడి కంటి మీద పడింది.

సిద్ధాంతం

ఐదు అపాస్ట్రఫీలు మన వ్యాసాల్లోకి ఎలా వచ్చాయి? ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసం పేరును మొదటి వాక్యంలో బొద్దుగా పెడతారు, పుస్తకాల పేర్లను వాలుగా పెడతారు. వ్యాసమే ఒక పుస్తకం గురించి అయితే రెండూ కలిసి ఐదవుతాయి. దాన్ని అనువదించేటప్పుడు మాటలు తెలుగులోకి మారతాయి, ఐదు అపాస్ట్రఫీలు మారకుండా దిగుతాయి. తర్వాత ఎవరో వచ్చి ఒక వైపు రెండు తీసేస్తారు, రెండో వైపు మరిచిపోతారు.

తెలుగు అచ్చులో పుస్తకం పేరును కొటేషన్లలో పెట్టడం, బొద్దు చేయడం వాడుకలో ఉన్నవి. వాలు అక్షరాలు మన లిపిలో పుట్టినవి కావు. చాలా తెలుగు ఫాంట్లకు వాలు రూపం విడిగా గీసి ఉండదు. బ్రౌజరే నిలువు అక్షరాన్ని పక్కకు లాగి వాలుస్తుంది. తలకట్టు ఒక వైపు జరిగి, కింది వత్తు ఇంకో వైపు జరిగి, పక్క అక్షరం మీద పడుతుంది. దానికి బొద్దు కూడా తోడైతే వత్తులు ముద్దకట్టి చదవడమే కష్టం. ఇంత చేసీ ఆ వాలు పాఠకుడికి చెప్పేది ఏమీ లేదు.

కనుక తీర్పు ఇది. తెలుగు వ్యాసంలో తెలుగు మాటకు వాలు అక్కర్లేదు. పేరుకు ముందు మూడు, వెనక మూడు చాలు. రెండు, ఐదు లేనప్పుడు మూడుతో పేచీ పడేది ఏదీ ఉండదు.

పాఠకులకు ఒక విన్నపం. తెలుగు వికీపీడియాలో ప్రత్యేక పేజీల జాబితా తెరిచి, లింట్ లోపాల పేజీకి వెళ్ళండి. మూయని ట్యాగుల వరసలో ఏదో ఒక వ్యాసాన్ని ఎంచుకోండి. తెరిచి ఉన్నది మూసి, మునుజూపు చూసి, ప్రచురించండి. దానికి సంస్కృతం అక్కర్లేదు, ఖాతా కూడా అక్కర్లేదు.